టెంక మన పెరట్లో, కొమ్మ మేనమామ తోటలో

కొల్లాపూర్ నుంచి వచ్చిన బేనిషాన్ మామిడి గంప మే నెలాఖరుకు అడుగంటుతుంది. అప్పుడు మా ఇంట్లో ఎవరో ఒకరు చీకిన టెంకను చేతిలో తిప్పుతూ, "ఇంత తియ్యటి పండు, ఈ టెంక పెరట్లో పాతితే పోలే?" అంటారు. పాతుతారు కూడా. తొలకరికి మొలుస్తుంది, రాగి రంగు ఆకులేస్తుంది, ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. ఎనిమిదేళ్లు నీళ్లు పోశాక కాసేది పీచు కాయ, పులుపు కాయ, తొక్కు పెట్టడానికి తప్ప పనికిరాని కాయ.

తప్పు టెంకది కాదు. మన మామిడి రకాల్లో చాలావాటికి టెంకలో ఒక్కటే పిండం ఉంటుంది. అది పువ్వు మీద పుప్పొడి పడి పుట్టిన బిడ్డ. తల్లి బేనిషానే, తండ్రి ఎవరో ఈగలకే తెలుసు. అదృష్టం బాగుంటే తల్లిని మించిన పండు కాస్తుంది. మన పేరున్న పాత రకాల్లో చాలావరకు ఒకప్పుడు అలా గింజతో పుట్టినవే. ఆ అదృష్టం వేల చెట్లలో ఒకదానికి పడుతుంది, మన పెరట్లో ఉన్నది ఒకే చెట్టు.

ఇంకో రకం వాళ్లు నేరుగా నర్సరీకి పోతారు. నేనూ పోయాను. రోడ్డు పక్కన ఒకాయన "హిమాయత్ మామిడి అంటు" అని చెప్తే కొని, గుంత తీసి నాటాను. మొదటి ఎండాకాలం పైకొమ్మ ఎండిపోయింది. జూన్‌లో కింద నుంచి గట్టి చిగురు వచ్చింది. "చచ్చి బతికింది" అని పొంగిపోయి ఆరేళ్లు సాకాను. ఆ చిగురు అంటు కట్టిన చోటికి కింద నుంచి వచ్చిందని, చచ్చింది హిమాయత్, బతికింది దాని కింది నాటు మొక్క అని కాయ కాశాకగానీ నాకు తెలియలేదు. ఆ నర్సరీ ఆయన మోసం చేశాడని ఊరంతా చెప్పుకున్నాను కూడా. ఆయన ఇచ్చింది నిజంగా అంటు మొక్కే. చూడటం తెలియంది నాకు.

గింజా, మొక్కా అని జనం రెండు పార్టీలుగా వాదించుకుంటారు. మన నేల చూసిన వాళ్లెవరైనా ఆ వాదన పక్కన పెడతారు.

మన నేల సంగతి

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో చాలా చోట్ల పైన జానెడో మూరెడో ఎర్ర చెల్క, దాని కింద మొరం. ఏడాదికి సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అందులో ఎక్కువ భాగం నాలుగు నెలల్లోనే. మిగతా ఎనిమిది నెలలు చెట్టు బతకాలంటే దాని తల్లివేరు మొరం పగుళ్లలోకి దూరాలి. గెట్టు మీద ఎవరూ నీళ్లు పోయని రేగు, వేప ఎలా నిలబడ్డాయో ఒకసారి తవ్వి చూస్తే అర్థమవుతుంది. పైన మనిషెత్తు ఉంటే కింద అంతకన్నా లోతున వేరుంటుంది.

నర్సరీ కవర్లో రెండేళ్లు ఉన్న మొక్క తల్లివేరు కవర్ అడుగు తగిలి చుట్టుకుపోతుంది. కవర్ కోసి చూస్తే గడియారం స్ప్రింగులా కనిపిస్తుంది. దాన్ని అలాగే నాటితే పైన పచ్చగానే ఉంటుంది. కాలువ కింద, డ్రిప్పు కింద బాగానే కాస్తుంది కూడా. బోరు ఎండిన ఏడు మాత్రం అదే ముందు పోతుంది.

అందుకే నా సలహా ఇది: మామిడి లాంటి చెట్లకు టెంకను గుంతలోనే పెట్టండి, అక్కడే మొలవనివ్వండి. మరుసటి ఏడు మీకు నచ్చిన చెట్టు కొమ్మ తెచ్చి దాని మీద అంటు కట్టండి. వేరు పుట్టిన చోటే పెరుగుతుంది, కాయ మీరు తిని చూసిన చెట్టుది. దీన్ని నేను కనిపెట్టలేదు. వాన తక్కువ ప్రాంతాల కోసం ఉద్యాన శాస్త్రవేత్తలు ఎప్పటి నుంచో చెప్తున్నదే. మన ఇళ్లదాకా రాలేదు, అంతే.

గుంత, టెంక

గుంత ఏప్రిల్‌లో తీయాలి. వానలు పడ్డాక తీద్దాంలే అనుకుంటే ఆ ఏడు పోయినట్టే. మామిడికి అన్ని వైపులా మూడడుగులు, లోతూ అంతే. పైమట్టి ఒక పక్క, కింది మొరం ఇంకో పక్క పోయండి. గడ్డపారతో అడుగున కూడా నాలుగు పోట్లు పొడవండి, వేరుకు దారి దొరుకుతుంది. నెల రోజులు ఎండకు మాడనిచ్చి, బాగా మాగిన పశువుల ఎరువు రెండు మూడు తట్టలు, కిలో వేపపిండి పైమట్టిలో కలిపి నింపండి. మొరం తిరిగి గుంతలో పోయకండి, దాన్ని చుట్టూ గట్టుగా వేస్తే వాన నీళ్లు ఆగుతాయి. ఎరువు పచ్చిది వేస్తే చెదలను భోజనానికి పిలిచినట్టే.

టెంకను కడిగి ఒక రోజు నీడలో ఆరబెట్టండి. తర్వాత అంచు వెంట కత్తెరతో కోసి లోపలి జీడిని బయటికి తీయండి. ఈ పని చాలామంది చేయరు. టెంక పైపొట్టు గట్టిది, దానిలోంచి మొలక వంకర టింకరగా వస్తుంది. ఇంకో లాభం, లోపల పురుగు తిన్నదో లేదో అప్పుడే తెలుస్తుంది. నాలుగు టెంకలు విప్పితే ఒకదాంట్లో నల్లటి పురుగు కూర్చుని ఉండటం మామూలే. మంచి జీడి తెల్లగా, గట్టిగా, పైన పలచటి గోధుమ రంగు పొరతో ఉంటుంది. ఉబ్బెత్తు వైపు పైకి వచ్చేలా రెండంగుళాల లోతున పెట్టి మట్టి కప్పండి. ఒక్కో గుంతలో మూడు పెట్టండి, మృగశిర కార్తె వానకు పెడితే నీళ్ల పని కూడా ఉండదు. మామిడి జీడి ఎండితే చస్తుంది. పండు తిన్న మూడు నాలుగు వారాల్లోపే పెట్టాలి. డబ్బాలో దాచి వచ్చే ఏడు పెడదామంటే కుదరదు. నిమ్మ, నేరేడు, పనస గింజలదీ ఇదే సంగతి.

రెండు మూడు వారాల్లో మొలక. మూడింట్లో బలంగా ఉన్నది ఉంచి మిగతావి మరుసటి ఏడు తీసేయండి. ముందే తీస్తే మేకో దూడో ఉన్న ఒక్కదాన్నీ నమిలిపోయే ప్రమాదం ఉంది.

మామ పాఠం

మా దేవరకొండ ఇంటి పెరట్లో అలా పెరిగిన మొలకలు ఏడాదికి పెన్సిలు లావయ్యాయి. కొల్లాపూర్ దగ్గర మా మేనమామ తోటలో నాకు చిన్నప్పటి నుంచి ఇష్టమైన ఒక బేనిషాన్ చెట్టుంది. జూలైలో పోయి, కొమ్మ కోసుకుపోతానంటే మామ నవ్వాడు.

"ఇయ్యాల్ల కోస్తే కట్టెపుల్ల తీస్కపోయినట్టే అల్లుడా. కొమ్మ కోసినంక కాదు పని, కోయకముందు పది రోజులు ఉంటది. ఆకు తెంపు, కాడ ఉంచు. కాడ రాలి కన్ను ఉబ్బినంక రా."

నిజమే. మూడు నాలుగు నెలల వయసున్న కొసకొమ్మ ఎంచుకుని, ఆకులు కత్తిరించి కాడలు మాత్రం ఉంచితే, వారం పది రోజులకు ఆ కాడలు ముట్టుకుంటే రాలతాయి, కొసన మొగ్గ ఉబ్బుతుంది. చెట్టు తన బలాన్ని ఆ మొగ్గలోకి తోసిందన్నమాట. అప్పుడు కోసిన కొమ్మే అతుక్కుంటుంది. పది రోజుల తర్వాత మళ్లీ పోయి అరడజను పుల్లలు తడిగుడ్డలో చుట్టి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని నాగర్‌కర్నూల్, కల్వకుర్తి మీదుగా సాయంత్రానికి ఇల్లు చేరాను. చీకటి పడుతోందని ఆ రాత్రి తడిగుడ్డలోనే ఉంచి పొద్దున్నే కట్టాను.

కట్టడం చూడటానికి కష్టం, చేస్తే పావుగంట పని. మొలక కొత్తగా రాగి రంగు చిగురు వేసిన రోజుల్లో, ఆ లేత భాగం దగ్గర, నేలకు జానెడు పైన బ్లేడుతో అడ్డంగా కోయాలి. కోసిన చోట నడుమ రెండంగుళాల లోతు నిలువు చీలిక పెట్టాలి. తెచ్చిన పుల్ల కింది కొసను రెండు పక్కలా చెక్కి గొడ్డలి అంచులా చేయాలి. ఒక్కో పక్క ఒక్క కోతతో అయిపోవాలి. రెండోసారి చెక్కితే గరుకై అతకదు. పుల్లను చీలికలో దించి బెరడుకు బెరడు తాకేలా చూడాలి. లావులో తేడా ఉంటే ఒక పక్కైనా కలవాలి, నడుమ పెడితే రెండూ దక్కవు. పాలిథిన్ పట్టీతో కింద నుంచి పైకి గట్టిగా చుట్టి, పైన పిల్లలు తినే పెప్సీ ఐసు కవరు తొడిగి కింద ముడి వేయాలి. కవరు లోపల చెమ్మ నిలుస్తుంది. నేను మొదటిసారి కట్టినవి ఆరు. మూడు వారాలకు రెంటిలో పచ్చ చుక్క కనిపించింది. నాలుగు ఎండిపోయాయి. మామకు ఫోన్ చేస్తే "రెండు వచ్చినయా? నాకు మొదటిసారి ఒక్కటి రాలే" అన్నాడు.

చిగురు కవరుకు తగలగానే కవరు తీసేయండి. పట్టీని రెండు మూడు నెలలకు విప్పండి. మరిచిపోతే కాండంలోకి దిగబడి పీక పిసికినట్టవుతుంది. అంటు కింద నుంచి వచ్చే ప్రతి చిగురునూ గోటితో గిల్లేయండి. నా హిమాయత్ కథ మీకు జరగకూడదు.

చేతకాకపోతే తెలిసిన నర్సరీ మనిషిని ఒక పూట పిలిపించుకోండి. ఒక పూటలో వీధిలోని మొక్కలన్నీ కట్టిపోతాడు.

గింజే చాలు అనేవి

అన్నింటికీ ఈ తంటా లేదు. సీతాఫలంలో పాలమూరు జిల్లాకు దేశమంతా పేరుంది. జడ్చర్ల దగ్గర ఉన్న బాలానగర్ పేరు మీద 'బాలానగర్' అనే రకం దేశంలో చాలా నర్సరీల్లో దొరుకుతుంది. మహారాష్ట్రలో బార్షీ నుంచి వచ్చిన ఎన్ఎంకే-1 గోల్డెన్ పండు పెద్దది, ఎక్కువ రోజులు నిలుస్తుంది, మార్కెట్లో రాజ్యమేలుతోంది కూడా. అయినా ఇంటికోసమైతే నా ఓటు బాలానగర్‌కే. దసరా దీపావళి మధ్య హైవే పక్క గంపల్లోంచి కొన్న మంచి పండు గింజలు ఒక రోజు నీళ్లలో నానబెట్టి జూన్‌లో పెడితే మూడు నాలుగేళ్లకు కాయ. గింజ మొక్కల్లో తేడాలు కొద్దిగా ఉంటాయి, మామిడిలా మోసం చేయవు. పైగా ఆకును మేక ముట్టదు. ప్రహరీ లేని ఇంటికి ఇంతకన్నా మంచి మొదటి చెట్టు లేదు. పిల్లలున్న ఇల్లయితే ఒక్క జాగ్రత్త. పేల కోసం ఈ గింజలు నూరి తలకు పెట్టే అలవాటు ఇంకా ఉంది, ఆ పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. మానుకోండి.

సీతాఫలం పూస్తుందిగానీ కాయదని చాలామంది ఫిర్యాదు. ఆ పువ్వు తమాషాది. తలకిందులుగా వేలాడే మూడు మందపాటి ఆకుపచ్చ రెక్కలు. రెక్కలు కొద్దిగా విడినప్పుడు అది ఆడపువ్వు, పూర్తిగా విచ్చుకునేసరికి మగపువ్వు. తన పుప్పొడి తనకు అందదు. చిన్న చిన్న పెంకు పురుగులు ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దూరితేనే పని జరుగుతుంది. ఏప్రిల్ వడగాలికి ఆ పూలు ఎలాగూ రాలతాయి, దిగులు పడకండి. వానలు మొదలయ్యాక వచ్చే పూత మీద శ్రద్ధ పెట్టండి. తెల్లవారగానే పూర్తిగా విచ్చిన పూలు నాలుగు తెంపి కాగితం మీద దులిపితే లేత పసుపు పుప్పొడి రాలుతుంది. పిల్లల పెయింటింగ్ బ్రష్‌తో అద్ది, అప్పుడే సగం విడిన పూల లోపల నెమ్మదిగా తిప్పండి. పట్టిన పువ్వు రెక్కలు రాల్చి పచ్చటి గుండీలా నిలుస్తుంది. మా పక్కింటి పెద్దమ్మ నేనిలా చేస్తుంటే చూసి, "పురుగుల పని గూడ నువ్వే జేస్తున్నవా బిడ్డా?" అంది. ఆ ఏడు కాసిన కాయల్లో మొదటి నాలుగూ ఆమెకే ఇచ్చాను.

నిమ్మ కూడా గింజతో పెట్టొచ్చు. నిమ్మగింజలో ఒకటికి రెండు మూడు మొలకలు వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం అచ్చంగా తల్లి నకళ్లే. బలహీనంగా ఉన్నది పీకేసి బలమైనది ఉంచితే నాలుగైదేళ్లకు కాయ. గజ్జి తెగులు భయం ఉంటే బాలాజీ రకం మొక్క అడిగి తెచ్చుకోండి. కోతులు తిరిగే వాడల్లో నిమ్మను మించిన చెట్టు లేదు, మా వీధిలో అవి జామ పిందెలను కూడా వదలలేదు, నిమ్మ జోలికి మాత్రం రాలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు బొప్పాయితో మొదలుపెట్టండి. తొమ్మిది పది నెలల్లో కాయ కళ్లబడుతుంది, చేతికి నమ్మకం వస్తుంది. మామిడితో మొదలుపెట్టినవాడు మూడో ఏడు విసిగిపోతాడు. గింజ మీది జిగురు పొరను బూడిదతో రుద్ది కడిగి నీడలో ఆరబెట్టండి. గుంతకు మూడు మొక్కలు నాటండి. పూత వచ్చాక పొడవాటి తీగల్లా పూలు వేలాడేవి మగవి, ఒకటి ఉంచి మిగతావి కొట్టేయండి. రెడ్ లేడీ లాంటి రకమైతే ఈ ఏరివేత అక్కర్లేదు, కానీ దాని పండు గింజలు దాచి పెడితే అదే రకం రాదు.

నేరేడు గింజ తాజాగా పెడితే ఇట్టే మొలుస్తుంది. రెండు వందల గజాల ఇంట్లో మాత్రం పెట్టకండి. అది ఊరి చెరువు కట్ట మీద ఉండాల్సిన చెట్టు.

కొనక తప్పనివి

జామ, దానిమ్మ, సపోటా, బత్తాయి కొనుక్కోవాల్సిందే. జామకు అలహాబాద్ సఫేదా, ఎల్-49 పాత కాపులే అయినా ఇంటికి ఇప్పటికీ బాగుంటాయి. సపోటాను పాల చెట్టు మీద కడతారు, కింద నుంచి పాల చిగురు వస్తే గిల్లేయాలి. బత్తాయి అంటే నల్లగొండ, ఆ సంగతి నేను చెప్పాలా? మా పక్కనున్న కొండమల్లేపల్లిలో ఉద్యాన పరిశోధన కేంద్రమే ఉంది. రంగ్‌పూర్ నిమ్మ మీద కన్ను కట్టిన సాత్గుడి అడగండి. దీనికి నీళ్లు మొదలుకు తగలకూడదు, బంక కారి చస్తుంది. మొదలు చుట్టూ చిన్న మట్టి దిబ్బ, దాని బయట నీళ్ల పాది, అలా రెండు వలయాలు చేయండి.

మొక్క కొనేటప్పుడు ఎత్తు చూసి మోసపోకండి. రెండడుగుల మొక్క చాలు. అంటు కట్టిన ముడి కనిపించాలి, ముడి పైన చిగురుండాలి, కవరు అడుగు నుంచి వేర్లు బయటికి పొడుచుకు రాకూడదు. నాటేటప్పుడు ఆ ముడి మట్టిపైన ఉండాలి. 2015 జూలైలో హరితహారం మొదలయ్యాక ఊరూరా మొక్కలు పంచారు, ఇప్పటికీ పంచాయతీ నర్సరీల్లో దొరుకుతాయి. తీసుకోండి, కానీ గింజదా అంటుదా అని అడిగి తీసుకోండి. గింజదైతే దాని మీద అంటు కట్టడం మీకు వచ్చేసింది కదా.

మూడు ఎండాకాలాలు

నాటాక మూడు ఎండాకాలాలు దాటించడమే అసలు పని. సూర్యాపేట జిల్లా రాఘవాపురంలో దూశర్ల సత్యనారాయణ తన పొలం డెబ్బై ఎకరాలను కంచె కూడా లేకుండా అడవిగా మార్చారు. ఫ్లోరైడ్ నీళ్ల మీద పోరాడిన జలసాధన సమితి నాయకుడిగా నల్లగొండకు ఆయన తెలుసు. ఖమ్మం వనజీవి రామయ్య జేబు నిండా గింజలతో తిరిగేవారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. వాళ్లను చూసి ఉత్సాహంతో గింజలు చల్లి ఇంటికొచ్చేవాళ్లను నేను చూశాను. సత్యనారాయణ, రామయ్యల లెక్క వేరు. వెయ్యి గింజలు చల్లితే ఏది బతకాలో అడవి తేలుస్తుంది. మీకున్నది ఒక్క గుంత. అక్కడ తేల్చేది మీ ఇంటి బిందె.

మార్చి నుంచి జూన్ దాకా, మొదటి ఏడు వారానికి రెండుసార్లు, ఒక్కో మొక్కకు రెండు బిందెలు. రెండో ఏడు వారానికోసారి, మూడో ఏడు పది రోజులకోసారి. ఇది నేను పోసే లెక్క, నేలను బట్టి మీరు మార్చుకోండి. పని గుర్తుండాలంటే ఇంట్లో ఏదో ఒక పనికి దాన్ని ముడిపెట్టండి. మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లు ఒకే బకెట్లో పడతాయి, నిండితే మోయక తప్పదు. ఊరికి పోతే మొక్కకు జానెడు దూరంలో మెడదాకా పాతిన మట్టికుండ ఆదుకుంటుంది. అడుగున చిల్లు పెట్టి పాత చీర పేలిక దూర్చి నీళ్లు నింపితే నాలుగైదు రోజులు ఊరుతుంది.

నీళ్లన్నీ ఒకటి కావు. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆర్వో ఫిల్టర్ బయటికి వదిలే నీళ్లలో ఇంకా ఎక్కువ. అవి నిమ్మకూ మామిడికీ పోస్తే ఆకు కొసలు మాడతాయి. రేగు, సపోటా, దానిమ్మ కొంత తట్టుకుంటాయి. ఏసీ నుంచి కారే నీళ్లు మాత్రం వాన నీళ్లతో సమానం, వృథా చేయకండి.

పాది మీద పల్లి పొట్టు కప్పితే చెమ్మ నిలుస్తుంది, మొదలుకు మాత్రం తగలనివ్వకండి. ఎర్ర నేలలో ఎండిన చెత్త ఎక్కడుంటే చెద అక్కడ. ఏడు వందల ఏళ్లదని చెప్పుకునే మహబూబ్‌నగర్ పిల్లలమర్రి చెట్టునే అది వదల్లేదు. 2017 చివర పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడింది, 2018లో ఆస్పత్రిలో రోగికి ఎక్కించినట్టు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. నెలకోసారి మన మొక్క మొదలు దగ్గర మట్టి గూళ్లు రాల్చి వేపపిండి చల్లడం దానికన్నా తేలిక.

మేము కట్టిన బేనిషాన్ రెండో ఏడే పూసింది. ఆ పూత ఉంచకూడదు. లేత కొమ్మ కాయ మోస్తే పెరుగుదల కుంటుపడుతుంది, గుత్తులన్నీ తుంచేయాలి. మామ అదే చెప్పాడు, నేనూ కత్తెర పట్టుకుని తిరిగాను. అన్నీ తుంచాననే అనుకున్నాను. ఏప్రిల్‌లో నీళ్లు పోస్తుంటే గోడ వైపు ఆకుల చాటున, పాత చున్నీ ముక్కతో కొమ్మకు కట్టి దాచిన ఒక్క కాయ కనిపించింది. మా అమ్మ వంటింటి కిటికీలోంచి చూస్తోంది. నేను బకెట్ తీసుకుని అవతలి మొక్కకు పోయాను.